ముప్పై రెండు, పదహారు

పొడవు ముప్పై రెండు, వెడల్పు పదహారు.
మీటర్లే అంటారు గానీ
అక్కడి గడ్డిలో ఎవరి పాదమూ తడవదు.
స్కూలు బస్సు తాళాలు మేకుకి తగిలించి
రాత్రి తొమ్మిదికి నా నేల మీదికి వెళ్తాను.
పక్కన ఎవరో కొలను తవ్వుకున్నారు.
అందులో మూడు కప్పలు,
ఎప్పుడూ ఒకటే వరసలో అరుస్తాయి.

ఇల్లు కావాలి.
అంగట్లో ఇళ్ళు పెట్టెల్లో ఉంటాయి, చెప్పుల జతల్లా.
కొనేముందు తొడిగి చూడొచ్చు.
గోడ నిండా ఎర్రటి అక్షరాలతో
'నమూనా' అని ఉంటుంది, అంతే.

మొదట మేడ తెచ్చాను.
పెట్టె విప్పగానే నేల మాయం.
మెట్లు తిన్నగా కొలనులోకి దిగాయి.
తెర మూలన ఒక మాట వెలిగింది:
"మీ మెట్లు నా కప్పల మీద ఉన్నాయండీ."
పేరు గుమ్మడిదొర. ఏ దేశమో, ఆడో మగో తెలీదు.
మన్నించమని మేడని మడిచి పెట్టెలో పెట్టేశాను.
ఒక కప్ప మాత్రం కాసేపు అలిగినట్టే ఉంది.

రెండోది కుండ మీద మూతలా పట్టింది.
కానీ ఆ లోకంలో కొలత ఒక్కటే చాలదు, బరువు లెక్క కూడా ఉంది.
నా నేల మోసేది నూట డెబ్బై అయిదు వస్తువుల్ని.
ఇల్లే నూట అరవై మూడు మింగింది,
కిటికీ చట్రాలకే నలభై!
మిగిలినవి పన్నెండు.
కుర్చీకి రెండు, దీపానికి ఒకటి,
పొయ్యికి అయిదు, పిల్లికి నాలుగు,
తోక విడిగా లెక్కట.

"మరి మంచం?" అన్నాడు రైంట్,
నా భుజం మీంచి తొంగిచూసి.
"అక్కడ నిద్ర రాదుగా."
"నిద్రే రాని ఇంటికి ఇంత బేరమా" అంటూ
కాఫీ కప్పుతో వెళ్ళిపోయాడు.
దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపుకోమంటారు.
మంచమే లేనిదాన్ని, ఎంతవరకని చాపను?

మా ఇల్లు లోపర్సుమ్‌లో.
గ్రోనింగన్ దాటాక, అరచెయ్యంత చదునుగా ఉండే చోట,
బీట్‌దుంపల చేల అంచున.
కింద నుంచి ఏళ్ళ తరబడి గ్యాస్ తోడుకుపోయారు.
ఇప్పుడు నేల నిద్దట్లో ఒళ్ళు విరుచుకుంటుంది.
లారీ పోయినట్టు చప్పుడు,
కిటికీలోంచి చూస్తే వీధిలో లారీ ఉండదు.
పడమటి గోడకి మూడు దూలాలు ఏటవాలుగా ఆనించి పోయారు,
తాత్కాలికమని.
నాలుగేళ్ళయింది. ఒకదాని మీద నాచు కూడా పట్టింది.

మంగళవారం యెల్మర్ అనే కుర్రాడొచ్చి
పగుళ్ళకి అంకెలేశాడు.
వంటగదిలో పదకొండు, పడగ్గదిలో ఏడు.
ఏడోదాని మీద మా పెళ్ళి ఫొటో ఉండేది, తియ్యమన్నాడు.
బూట్లు తుడుచుకుని వెళ్తూ వెళ్తూ
మర్యాదగానే అన్నాడు:
"ఇల్లు మంచిదేనండీ. నేలకే సరిపడలేదు."

ఆ రాత్రి మూడో పెట్టె విప్పాను.
ఒక్క గది. తారు పూసిన నల్ల చెక్కలు. ముప్పై ఒకటి.
కప్పలకి దూరంగా ఓ మూల పెట్టాను.
ఇంకా నూట నలభై నాలుగు!
సంత డబ్బులు చేతికొచ్చిన పిల్లలా తిరిగాను.
మంచం వేశాను. బేరి చెట్టు నాటాను.
తోకతో సహా పిల్లి.
వెనక్కి నడిచి చూశాను.
అన్నీ ఉన్నాయి, ఇల్లులా మాత్రం లేదు.

ఒక దూలం కోసి
పడమటి గోడకి ఏటవాలుగా ఆనించాను.
లెక్కలో ఒకటి.

గుమ్మడిదొర వచ్చి నిలబడ్డారు.
"ఇక్కడ నేల కదలదు కదా, అదెందుకు?"
రాశాను, చెరిపాను. మళ్ళీ రాశాను.
"అలవాటండీ."

సరిగ్గా అప్పుడే అలమరలో పళ్ళేలు
ఒకదానికొకటి తగిలాయి.
లోపలి గదిలోంచి రైంట్:
"విన్నావా, వుబ్బీనా?"
"విన్నాను."

కప్పలు మాత్రం వరస తప్పలేదు.